రెండు గంటల బస్సుకు వచ్చిన తల్లులు

(పటాన్‌చెరు నుంచి పాశమైలారం వెళ్ళే దారిలోని ఒక ట్రస్టు ప్రసూతి ఆసుపత్రిలో, 2006 ఏప్రిల్ నెలాఖరున జరిగిన పదవీ విరమణ సభలో డాక్టర్ చంద్రకళ మాట్లాడినది)

ఈ సభకు పెద్దదిక్కుగా కూర్చున్న మన ట్రస్టు అధ్యక్షులు లక్ష్మీకాంతం గారికి, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో పక్కనుంచి ఆయనకు సైగ చేస్తున్న వారి శ్రీమతి లక్ష్మీనరసమ్మ గారికి, ఎల్లుండి నుంచి నా కుర్చీలో కూర్చోబోయే డాక్టర్ వైజయంతికి, ఫ్యాక్టరీల్లో సగం పూట సెలవు పెట్టి వచ్చిన అన్నదమ్ములకు, పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన తల్లులకు, నన్ను ఇరవై మూడేళ్ళు భరించిన సిస్టర్లకు, ఆయాలకు, లోపలికి రమ్మంటే రాకుండా గేటు దగ్గరే నిలబడి వింటానన్న వాచ్‌మన్ కొమురయ్యకు, అందరికీ నమస్కారం.

ఇందాకటి నుంచి నా గురించి చెబుతుంటే, ఇంత ఓర్పు గల ఆ మహాతల్లి ఎవరో నాకూ ఒకసారి చూడాలనిపించింది. (నవ్వులు) ఒక్కరి నోటా కోపం అన్న మాట రాలేదు. ఒకరు క్రమశిక్షణ అన్నారు, ఒకరు ముక్కుసూటి అన్నారు, అకౌంటెంటు గారైతే ఏకంగా 'గంభీరమైన గొంతు' అన్నారు. కొమురయ్య మాత్రం నవ్వాపుకోలేక మొహం అటు తిప్పుకున్నాడు. నేను చూశాను కొమురయ్యా.

నేనొక కాగితం రాసుకొచ్చాను. అందులో అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు ఉన్నాయి. అయితే పది నిమిషాల కింద అధ్యక్షులవారు ఒక ప్రకటన చేశారు. ఆసుపత్రి వెనక ఉన్న రేకుల షెడ్డు తీసేసి, ఆ జాగాలో రెండో ఆపరేషన్ థియేటర్ కట్టిస్తామని, దాని మీద నా పేరు రాయిస్తామని. మీరంతా చప్పట్లు కొట్టారు. నేను దండం పెట్టాను. మెడలో దండ వేసి, పైన శాలువా కప్పుతున్నప్పుడు మనిషికి దండం పెట్టడం తప్ప ఇంకేమీ తోచదు. తీరా కుర్చీలో కూర్చున్నాక గాని వారన్నది ఏమిటో నాకు తలకెక్కలేదు. అందుకని ఆ కాగితం మడిచి సంచిలో పెట్టేశాను. పిలిచి ఇచ్చిన గౌరవాన్ని పదిమందిలో వద్దనకూడదని మా అమ్మ నేర్పింది. బతికుంటే ఈ పూట నాకు తిట్లే.

నేను ఈ ఆసుపత్రికి వచ్చింది 1983లో. మా నాన్నకు సంగారెడ్డి బజారులో బట్టల దుకాణం. రోజూ అక్కడినుంచి బస్సెక్కి, బొంబాయి రోడ్డు మీద దిగి, లారీల దుమ్మంతా తిని, ఇక్కడికి నడిచి వచ్చేదాన్ని. అప్పుడప్పుడే చుట్టూ పొగగొట్టాలు లేస్తున్నాయి. ఊళ్ళలో కాన్పు కష్టమై తల్లులు చనిపోతున్న రోజులు. మొదటి ఏడాదే ముగ్గురిని ఆఖరి నిమిషంలో తీసుకొచ్చారు, నెత్తురు ఆపలేక నా చేతుల్లోనే పోగొట్టుకున్నాను. కాబట్టి ఆసుపత్రులు వద్దని, కత్తి వద్దని చెప్పడానికి నేను నిలబడలేదు. ఆ మాట ముందే చెబుతున్నాను. లేకపోతే రేపటికల్లా 'చంద్రకళమ్మ రిటైరై నాటువైద్యంలో కలిసిందట' అని పటాన్‌చెరు బస్టాండు దాకా పాకుతుంది. (నవ్వులు)

అప్పటి కాన్పుగదిలో మూడు బల్లలు ఉండేవి. వచ్చిన ప్రతి తల్లినీ బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, చేతికి గ్లూకోజు సీసా తగిలించి, అందులో నొప్పులు పెంచే మందు కలిపి, కాళ్ళకు పట్టీలు కట్టి, వెంట వచ్చినవాళ్ళను బయటికి పంపి గడియ పెట్టడం, ఇదీ నా పద్ధతి. గోడ మీద ఒక చార్టు ఉండేది. ఎవరు ఎన్ని గంటలకు వచ్చారు, ఎన్ని గంటలకు కన్నారు అని నా చేతిరాతతో రాసేదాన్ని. ఆ చార్టు చూసి అధ్యక్షులవారు ఎంత సంబరపడేవారో! పప్పు మిల్లు నడిపే మనిషి కదా, గంటకు ఎంత దిగుబడి అన్నది ఆయనకు ఇట్టే తెలిసేది. (నవ్వులు) ఆయన్ని చూసి నవ్వకండి, నా సంబరం అంతకు రెండింతలు. నొప్పులు సాగకపోతే ఆపరేషన్ చేసేదాన్ని. చంద్రకళమ్మ చెయ్యి మంచిదని జిల్లా అంతా పేరు. పదిమంది వస్తే నలుగురికి కోత తప్పేది కాదు, అది ఈ ప్రాంతపు ఆడవాళ్ళ ఒంటి తీరని నేను నమ్మాను.

1986లో ముత్యమ్మ చేరింది. అదిగో, మూడో వరసలో తలుపు పక్క కుర్చీ. ఎక్కడికి పోయినా తలుపు పక్కనే కూర్చుంటుంది, ఎప్పుడు లేవాల్సి వస్తుందోనని. పాశమైలారం ఆడబిడ్డ. తల్లి ఆ ఊరి మంత్రసాని. తల్లి పక్కన కూర్చుని చూసింది చాలక, హైదరాబాదు పోయి నర్సు చదువూ, కాన్పులు చేసే చదువూ రెండూ పూర్తిచేసి వచ్చింది. చేతిలో పని ఉంది, సర్టిఫికెట్టూ ఉంది. నేను మాత్రం ఆమెకు ట్రే పట్టుకునే పని ఇచ్చాను.

ఇప్పుడు చెప్పబోయేది నా ఒక్కదాని సంగతి కాదు. పోశమ్మా, చెప్పమంటావా? (సభలో వెనక వరసలో ఉన్న ఆయా పోశమ్మ తల ఊపింది) నువ్వు వద్దంటే ఇక్కడితో ఆపేస్తాను. (పోశమ్మ: "చెప్పుండ్రి డాక్టరమ్మా. నాకేం సిగ్గు?")

1988 వానాకాలంలో ఒకనాడు మధ్యాహ్నం రెండున్నరకు పోశమ్మ వచ్చింది. తొలి కాన్పు. ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. వెంట అత్త ఆగమ్మ, భర్త కిష్టప్ప. అతను రంగులు చేసే ఫ్యాక్టరీలో పని ముగించి నేరుగా వచ్చాడు, చేతులు మోచేతుల దాకా నీలంగానే ఉన్నాయి. నేను పరీక్ష చేసి, నొప్పులు చాలడం లేదు, సీసా పెట్టండి అన్నాను. ట్రే పట్టుకున్న ముత్యమ్మ నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అన్నది: "మేడం, ఈమె నొప్పులకు రాలే. బస్సుకు వచ్చింది."

నాకు అర్థం కాలేదు. అడిగి తెలుసుకునే ఓపికా లేదు. "డాక్టరువు నువ్వా, నేనా?" అన్నాను. మెల్లగా కాదు, గదిలో ఉన్న అందరికీ వినబడేలా అన్నాను. ముత్యమ్మ ట్రే సరిచేసుకుని నిలబడింది.

బయట ఆగమ్మ కథ ఇంకొకటి. మన దిక్కున కాన్పు కష్టమైతే ఇంట్లో వేసిన ముళ్ళన్నీ విప్పుతారు, పెట్టెల మూతలు తీస్తారు, తాళాలు తీస్తారు, లోపల బిడ్డకు దారి వదులవుతుందని నమ్మకం. మీ అందరికీ తెలిసిందే. కోడలి దగ్గర ఉండనియ్యకుండా బయటికి పంపితే ఆమె చేతులు కట్టుకుని కూర్చుంటుందా? వరండాలో ఉన్న ప్రతి అల్మారా తలుపూ తీసింది. దుప్పట్ల పెట్టె తీసింది. తెరలకు కట్టిన తాళ్ళు విప్పింది. చివరికి అకౌంటెంటు గారి టిఫిన్ డబ్బా మూత కూడా తీసి పెట్టింది. (నవ్వులు) స్టోరుగది తాళం ఒక్కటి రాలేదు, దాన్ని పట్టుకుని గుంజుతోంది. నేను బయటికి వచ్చి ఆ వాలకం చూసి, ఈమెను గేటు అవతలకు పంపమని అరిచాను. ఆగమ్మ నా వైపు తిరిగి, "బిడ్డా, పిల్ల దగ్గర ఉండనియ్యకపోతివి, తాళమన్న తియ్యనియ్యి" అన్నది. ఇదే కొమురయ్య ఆమెను తీసుకుపోయి టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆ రాత్రి ఇంటికెళ్ళి మా అమ్మకు ఇదంతా చెప్పి నేను పడీ పడీ నవ్వాను. మా అమ్మ నవ్వలేదు.

సాయంత్రం ఆరైనా కాన్పు సాగలేదు. మందు పెంచాను. ఏడింటికి బిడ్డ గుండె కొట్టుకోవడం నెమ్మదించింది, ఆపరేషన్ చేశాను. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. కిష్టప్ప ఆ నీలం చేతులతోనే నా కాళ్ళకు మొక్కాడు. ఆ పిల్ల ఇప్పుడు సంగారెడ్డిలో కాలేజీకి పోతోంది. బిడ్డ గుండె నెమ్మదించిన మాట నిజమే. అలా నెమ్మదించింది నేను పెంచిన మందు వల్లనే అన్న సంగతి ఆ రోజు నాకు తోచలేదు. నేను పిల్లను కాపాడాననే అనుకున్నాను.

తర్వాత మూడేళ్ళకు, ఎండలు ముదిరిన రోజుల్లో, గేటు ముందు ఒక ట్రాక్టరు ఆగింది. వెనక గడ్డి మీద దుప్పటి, దుప్పటి మీద పోశమ్మ. రెండో కాన్పు. పాత కుట్టు దగ్గర గర్భసంచి చిరిగిపోయింది. పొద్దుటి నుంచి ఇంట్లోనే పళ్ళ బిగువున ఓర్చుకుంది. బిడ్డ దక్కలేదు. గర్భసంచి తీసేస్తే గాని తల్లి దక్కదు. తీసేశాను.

మంచినీళ్ళు ఇయ్యండమ్మా.

పదో రోజు ఆమె లేచి కూర్చున్నాక అడిగాను. నా మామూలు గొంతుతో, అంటే అరిచాను. కడుపు మీద కుట్లున్న మనిషివి, ఇంత దగ్గర ఉండి నొప్పులు మొదలవగానే ఎందుకు రాలేదు అన్నాను. ఆమె చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నీకు భయపడే రాలే డాక్టరమ్మా. తొలిసారి నాకు నొప్పులే లేకుండె. మా ఆయన రెండు గంటలకు డ్యూటీ దిగిండు. కంపెనీ బస్సున్నది, ఇది పోతే మల్ల పది దాక బండి దొరకదన్నడు. అందుకని ముందుగాలనే వచ్చినం. నువ్వు సూది పెడితివి, కాళ్ళు కట్టేస్తివి, కోస్తివి. మల్ల వస్తే మల్ల కోస్తవనుకున్న."

ఆ సాయంత్రం ఎనిమిదేళ్ళ రిజిస్టర్లు ముందేసుకుని ముత్యమ్మను పిలిచాను. నేను అప్పుడే చెప్పలేదా అంటుందని ఎదురుచూశాను. అనలేదు. రిజిస్టరు నా వైపు తిప్పి, వచ్చిన టైము రాసిన గడి మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పోయింది. ఆరున్నర, రెండున్నర, పదిన్నర. మళ్ళీ ఆరున్నర, రెండున్నర. తల్లులు వచ్చింది కాన్పు వేళకు కాదు, షిఫ్టు దిగిన మగవాళ్ళ బస్సు వేళకు. "కడుపుల ఉన్న పిల్లకు షిఫ్టు తెలుస్తదా మేడం?" అన్నది. అంతే అన్నది.

ఆ టైములన్నీ నా చేత్తో నేను రాసుకున్నవే. రోజూ గోడ మీద నా కళ్ళ ముందరే ఉన్నాయి. ఫ్యాక్టరీల్లో రెండు గంటల సైరన్ మోగితే బల్లలు సిద్ధం చేయండని ఆయాలను తరిమిందీ నేనే. ఇంతమంది సరిగ్గా సైరన్ తర్వాతే ఎందుకు వస్తున్నారని ఒక్కనాడూ అడగలేదు. నొప్పులే మొదలుకాని తల్లులకు నొప్పులు సాగడం లేదని రాసి, కోశాను. అలా ఎంతమందో ఆ రాత్రే లెక్కపెట్టడం మొదలుపెట్టి సగంలో ఆపేశాను. ఇవాళ్టికీ పూర్తి చేయలేదు. ధైర్యం లేదు.

ఇక షెడ్డు సంగతి. అప్పుడు అందులో పాత మంచాలు, సిమెంటు బస్తాలు ఉండేవి. ముత్యమ్మ అడిగింది ఒకటే. "వచ్చినోళ్ళను జెర కూసోనియ్యండి మేడం. బల్ల సంగతి తర్వాత." ఒప్పుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళలో ఎన్ని వంకలు చెప్పానో ఆమెనే అడగండి. 1994లో షెడ్డు తెరిచాం. బస్సు దిగిన తల్లిని గుమ్మంలోనే ముత్యమ్మ అడుగుతుంది, నొప్పులకు వచ్చినవా, బస్సుకు వచ్చినవా అని. బస్సుకు వచ్చినామె అక్కడ తిని, పడుకుని, నడిచి, కబుర్లు చెప్పుకుని తన వేళ కోసం ఆగుతుంది. నొప్పులకు వచ్చినామె దగ్గర ముత్యమ్మ గాని, ఆమె తయారుచేసిన ఇద్దరు సిస్టర్లలో ఒకరు గాని మొదటినుంచి చివరిదాకా కూర్చుంటారు. తల్లి కూర్చుంటానంటే కూర్చోవచ్చు, నిలబడతానంటే నిలబడవచ్చు, వెనక అమ్మో అత్తో పట్టుకుంటారు. బీపీ ఉన్నవాళ్ళు, బిడ్డ అడ్డం తిరిగినవాళ్ళు, పాత కుట్లున్నవాళ్ళు మాత్రం నేరుగా నా దగ్గరికే. ఎవరు ఎటు అన్నది ముత్యమ్మకు నాకన్నా ఒక గంట ముందే తెలుస్తుంది. మధ్యలో తేడా వస్తే నన్ను పిలుస్తుంది. పిలవకపోతే నేను పోకూడదు.

ఆ చివరి మాట ఉంది చూశారా, దాంతోనే వచ్చింది చిక్కు. మొదటి నెలంతా నేను షెడ్డు కిటికీ దగ్గరే నిలబడేదాన్ని. ఇంతసేపేంటి, సీసా పెట్టరాదా అని బయటినుంచి గొణిగేదాన్ని. ఒకరోజు ముత్యమ్మ లేచి వచ్చి, "పిలుస్త మేడం. పిలవలేదంటే మంచిగనే ఉన్నట్టు" అని కిటికీ రెక్క మూసేసింది. నా మొహం మీద తలుపు వేసిన మనిషి ఈ సర్వీసులో ఆమె ఒక్కతే. (నవ్వులు, చప్పట్లు) పదిమందిలో నలుగురికి పెట్టిన కత్తి, తర్వాత తర్వాత ఒక్కరికి దిగింది. ఆ ఒక్కరికీ నిజంగా అవసరమయ్యే చేశాను. రాత్రి నిద్ర పట్టింది.

షెడ్డులో తాళం వేసిన ఇనపపెట్టె ఒకటి ఉంది. లెక్కలు చూడటానికి వచ్చినాయన అందులో ఏముందని అడిగాడు. ఏమీ లేదు. అది అత్తలు తీయడానికి. (నవ్వులు) కాన్పు ఆలస్యమైతే పెద్దామె చేతికి తాళంచెవి ఇస్తాం, పెట్టె తీస్తుంది, బిడ్డ పుట్టాక మళ్ళీ తాళం వేసి ఇస్తుంది. ముందుగా ఆ తాళంచెవి ఎవరికిచ్చామంటారు? కబురు పెట్టి పిలిపించి ఆగమ్మకే ఇచ్చాం. పెట్టె తీసి, లోపల చూసి, "ఖాళీదా?" అని నన్నొక చూపు చూసింది. వైజయంతీ, అది పనిచేస్తుందా అని నువ్వు అడగబోతున్నావు. బిడ్డ సంగతి నాకు తెలియదమ్మా. అత్తకు మాత్రం పనిచేస్తుంది. అత్త నిమ్మళంగా ఉంటే కోడలు నిమ్మళంగా ఉంటుంది, మిగతాది నీ పుస్తకాల్లో ఉంది.

షెడ్డు తెరిచిన రోజు ఊడ్చి శుభ్రం చేసే మనిషి కావాలంటే పోశమ్మ తానే వచ్చింది. ఎందుకు వచ్చావని నేను అడగలేదు. పన్నెండేళ్ళుగా బస్సుకు వచ్చిన తల్లులకు రొట్టె కాల్చి పెడుతున్నది ఆమె. పోశమ్మా, నిన్ను క్షమించమని అడిగే మొహం నాకు లేదు. నువ్వు నా ఆసుపత్రిలోనే పనికి చేరావు చూడు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ముత్యమ్మా, నీకు మాత్రం ఒక మాట బాకీ. నా గదిలోకి పిలిచి రెండుసార్లు చెప్పాను, నువ్వు పోనియ్యండి మేడం అన్నావు. అందరి ముందర అన్న మాటకు అందరి ముందరే చెప్పాలి. ఆ రోజు తెలిసింది నీకు, తెలియనిది నాకు. తప్పు నాది.

అధ్యక్షా, ఇప్పుడు మీతో. ఆ షెడ్డు నా నోటిమాట మీదే పన్నెండేళ్ళు నడిచింది. మామూలు కాన్పు సిస్టర్లదే, డాక్టరు పిలిస్తేనే వెళ్ళాలి అన్నది ఏ కాగితం మీదా లేదు. నేను పోతే ఆ మాటా నాతోనే పోతుంది. ఇక షెడ్డూ పోయి, అక్కడ ఇంకో బల్ల వచ్చి, ఆ బల్ల ఖాళీగా ఉండకూడదని ఎవరికో అనిపించి, ఆపైన నా పేరు! అంతకన్నా పెద్ద శిక్ష నాకు ఎవరూ వేయలేరు.

(అధ్యక్షులు కుర్చీలోంచి: "మరి థియేటర్ యాడ కట్టమంటరు డాక్టరమ్మా? జాగా గదొక్కటేనాయె.")

స్కూటర్ల స్టాండు ఉంది కదండీ. (సభలో కలకలం, నవ్వులు) ఎందుకయ్యా అంత గోల? ఎండకు సీటు కాలితే కాసేపు నిలబడి నడపండి. థియేటర్ కావాలి, నేను కాదనను, కట్టించండి. దానికి నా పేరు వద్దు. (లక్ష్మీనరసమ్మ గారు భర్త చెవిలో ఏదో అన్నారు) అమ్మా, మైకు ఇమ్మంటారా?

(అధ్యక్షులు: "వద్దు వద్దు. షెడ్డు ఉంటది డాక్టరమ్మా. నాకు పక్కనుంచి హుకుం అయింది." చప్పట్లు)

చప్పట్లు సరేనండి, తీర్మానాల పుస్తకం అకౌంటెంటు గారి దగ్గరే ఉంది. షెడ్డు ఉంటుందని ఒక వాక్యం, మామూలు కాన్పులు సిస్టర్లవేనని ఒక వాక్యం. మీరు సంతకం పెట్టేదాకా నేను ఈ మైకు వదలను. (అధ్యక్షులు పెన్ను తీశారు)

ఈలోపు నీకొక్క మాట, వైజయంతీ. నీ చదువు నాకన్నా ఎక్కువ, నీ చెయ్యీ మంచిదని విన్నాను. చేతులు కట్టుకుని బయట నిలబడటం మాత్రం ఎవరూ నేర్పి ఉండరు. నాకు యాభై దాటాక వచ్చింది. నువ్వు ముందే నేర్చుకో.

(సైరన్ మోగింది)

అదిగో, రెండయింది. సంతకం అయిందా అండీ? (అధ్యక్షులు రెండు వాక్యాలూ రాయించి, చదివించుకుని సంతకం పెట్టేసరికి పావుగంట పట్టింది) ఏదీ, ఒకసారి చూపించండి. నమ్మకం లేక కాదు, అలవాటు. (నవ్వులు) అయింది. మీ ఇద్దరికీ, పక్కనున్న అమ్మకు ముందు, నా నమస్కారాలు. సభకు కుర్చీలు వేసినవాళ్ళకు, వంట చేసినవాళ్ళకు, ఈ శాలువా నేసిన ఎవరో తెలియని మనిషికి కూడా.

కొమురయ్య గేటు తీస్తున్నాడు. బస్సు వచ్చినట్టుంది. (ముత్యమ్మ లేచి గుమ్మం దాకా వెళ్ళి, వేదిక వైపు చూసి ఆగింది) నన్నెందుకమ్మా చూస్తావు? వెళ్ళు.

(బయటినుంచి ముత్యమ్మ గొంతు: "నొప్పులకు వచ్చినవా బిడ్డా, బస్సుకు వచ్చినవా?")

ఆ పిల్ల ఏం చెప్పిందో నాకు వినబడలేదు. మీకు వినబడిందా? నా కాళ్ళు పోదాం పదమంటున్నాయి, ఇరవై మూడేళ్ళ అలవాటు కదా. (ఆగి, గుమ్మం వైపు చూస్తూ) పిలవలేదు. పిలవలేదంటే మంచిగనే ఉన్నట్టు.

నేను ఇంటికి పోతాను. సెలవు.